గురువారం అని పడింది

నలభై రెండు పోస్టర్లు.
నలభై రెండింటి మీదా గురువారం అని పడింది.
ఆట శనివారం.
అచ్చువేసిన లూబొర్ ఫోన్ ఎత్తడు.
చేపలు పట్టడానికి పోయాడని వాళ్ళావిడ,
పళ్ళ డాక్టరు దగ్గరికని వాళ్ళమ్మాయి.
ఇక మిగిలింది నేనూ, ఒక నల్ల మార్కరూ,
మంచు కరిగి బురదైన ఈ మొరావియా కొండవాలూ.

రొట్టెల కొట్టు తలుపు మీద మొదటిది దిద్దాను.
గురువారాన్ని కొట్టేసి పైన శనివారం రాస్తే
లెక్క తప్పిన పిల్లాడి నోటుపుస్తకంలా ఉంది.
"వాయించేదెవరు?" పిండి చేతులతోనే హెడ్విక.
"ఒటీలియ. అకార్డియన్."
"దాని తిత్తి చిరిగిందన్నారుగా?"
"సైకిల్ ట్యూబు ముక్క అతికించింది.
కింది స్వరాల దగ్గర కాస్త ఆయాసపడుతుంది, అంతే."
"మా ఆయనా అంతే," అని
ఒక గసగసాల రొట్టె కాగితంలో చుట్టిచ్చింది.

ఫైర్ స్టేషన్ గోడ. పోస్టాఫీసు. బస్సు ఆగే చోటు.
పశువుల డాక్టరు గేటు:
అక్కడి కుక్కకు నేనంటే పడదు,
ఆ ఒక్క శనివారం వంకరగా వచ్చింది.
బడి దగ్గర పిల్లలు నాకంటే ముందే దిద్దేశారు,
గురువారం తీసేసి "రోజూ" అని రాసి.
దాన్ని మళ్ళీ దిద్దడానికి కొంచెం సేపు పట్టింది.

వెండెలీన్ వంటింట్లో
బట్టలారేసే తాడుకి వరసగా వేలాడుతున్నారు
రాజు, రాజకూతురు, మరమిల్లు యజమాని,
మెడ దగ్గర రంగు లేచిపోయిన దయ్యం.
పాత ఎర్ర గ్లవ్ వేలు కత్తిరించి
దయ్యానికి కొత్త నాలుక కుడుతున్నాడాయన.
నిరుటి నుంచి చేతులు వణుకుతున్నాయి.
సూది బెజ్జం ఎటో, దారం ఎటో.
ఎక్కించి ఇవ్వబోయాను, వద్దన్నాడు.
"రాజుని అల్లుడి చేతికిచ్చేశాను.
రాజు వణికితే రాజ్యం నవ్వుతుంది.
దయ్యం మాత్రం నాదే.
ఎంత వణికినా కోపమనుకుంటారు."

ఆఖరిది రైలు గేటు దగ్గర.
బోహుమిల గదిలో చక్రం తిప్పుతుంటే
నేలమీద తీగ సాగి, రోడ్డుకి అటూ ఇటూ
రెండు కమ్మీలూ మెల్లగా తల వంచుతున్నాయి.
తీగ లాగితే డొంక కదలడమంటే
నా కళ్ళతో చూసింది అప్పుడే.
కలప గూడ్సు పోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
తరవాత ఆమే అంది:
"గురువారం సెలవు పెట్టుకున్నా.
అర్నోష్త్‌ని బతిమాలి డ్యూటీ మార్చుకున్నా,
బదులుగా వచ్చే క్రిస్మస్ రాత్రి నేను చేస్తా.
చిన్నప్పుడు జ్వరమొచ్చి పోలేదు,
పెద్దయ్యాక గేటు వదిలి పోలేదు.
దయ్యం నిజంగా నాలుక చాపుతుందా?"

మార్కరు మూత తీసి ఉంది.
చలికి దాని ములుకు ఎండిపోతోంది.
శనివారం ఆమెకు డ్యూటీ. అడగక్కర్లేదు,
గోడ మీద చార్టు వేలాడుతూనే ఉంది.
మూత పెట్టేశాను.

కొండ దిగేసరికి చీకటి.
విషయం చెప్పాను.
వెండెలీన్ తల ఎత్తలేదు, నోట్లో దారం ఉంది.
ఒటీలియ మాత్రం,
"అకార్డియన్ పన్నెండు కిలోలు.
ఆ బురదలో నీ బాబు మోస్తాడా?" అంది.
హెడ్విక కొట్టు తోపుడుబండి అడుగుదామన్నాను.
దానికి ఒక చక్రం పాడని ముగ్గురికీ తెలుసు.

దారం కొరికి ఉమ్మేసి
వెండెలీన్ అడిగాడు: "సీట్లెన్ని?"
"ఒకటి.
గేటు గది కిటికీలోంచి అర్నోష్త్ చూస్తే ఒకటిన్నర."

రేపే గురువారం.
ఆరుంపావు గూడ్సుకీ ఏడింటి పాసింజరుకీ మధ్య
నలభై అయిదు నిమిషాలు.
మరమిల్లు యజమాని ముచ్చట ఎత్తేస్తే సరిపోతుంది,
రాజకూతురి పాట ఒక చరణం చాలు.

తాడు మీద దయ్యం అటు తిరిగి ఉంది.
నాలుక ఇంకా సగమే కుట్టారు.